ఇల్లు కదలదు... మురుగు కదలాలి!

"అమ్మాయీ, నీళ్ళు కిందకి పోవట్లేదే! పైకొస్తున్నాయి!"

స్నానాల గదిలోంచి మా అత్తయ్య కేక. పరుగెత్తుకెళ్ళి చూద్దును కదా, ఆవిడ పాదాలు మునిగేలా మురికినీళ్ళు, పైన సబ్బు నురగ, ఆ నురగలో తేలుతూ రెండు కరివేపాకు రెబ్బలు, నాలుగు మెతుకులు! మధ్యాహ్నం నేను సింకులో కడిగిన పప్పుగిన్నె తాలూకు ఆనవాళ్ళవి. వంటింట్లో పోసిన నీళ్ళు స్నానాల గదిలో తేలడమేమిటో అప్పటికి నాకు అర్థం కాలేదు.

ఇది మా ఇంట్లో జరిగింది కాదు. చక్రాల మీది ఇంట్లో జరిగింది.

మేముండేది అమెరికాలో, అట్లాంటా దగ్గర. అత్తయ్య తెనాలి నుంచి ఆర్నెల్ల కోసం వచ్చారు. ఎండాకాలం సెలవుల్లో పిల్లల్నీ, ఆవిడనీ ఎక్కడికైనా తిప్పాలి. హోటళ్ళలో ఆవిడకి తిండి కుదరదు. కిందటేడు ఒక స్నేహితురాలు వెళ్ళొచ్చి చెప్పిన మాట గుర్తొచ్చింది. "ట్రావెల్ ట్రెయిలర్ అద్దెకి తీసుకోండి. మంచాలు, వంటిల్లు, బాత్రూం అన్నీ అందులోనే. కారు వెనక ఇల్లు కట్టుకుని పోవడమే!" అంది. బావుందే అనుకున్నాం. స్నేహితుల పికప్ ట్రక్కు అడిగి తీసుకుని, దాని వెనక ట్రెయిలర్ తగిలించి, ఉత్తర జార్జియా కొండల్లో ఒక స్టేట్ పార్కుకి అయిదు రోజులకని బయల్దేరాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్య. పచ్చళ్ళు, కుక్కరు, ఇడ్లీ పిండి సరేసరి.

అన్నీ సర్దాను గానీ, వాడిన నీళ్ళు ఎక్కడికి పోతాయన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు. మీకైనా వచ్చేదా చెప్పండి?

కడుపులో మూడు తొట్లు

ట్రెయిలర్ కింద మూడు ట్యాంకులుంటాయి. ఒకటి మంచినీళ్ళది. రెండోది సింకు, షవరు నీళ్ళు చేరేది. దాన్ని గ్రే ట్యాంకు అంటారు. మూడోది టాయిలెట్‌ది, బ్లాక్ ట్యాంకు. మా బండిలో ఈ మురుగు ట్యాంకులు రెండూ ఒక్కొక్కటి 30 గ్యాలన్లు పడతాయి. అమెరికా గ్యాలనంటే మూడు ముప్పావు లీటర్లకి కాస్త ఎక్కువ. అంటే ఒక్కో ట్యాంకులో సుమారు 113 లీటర్లు.

ఇక క్యాంపు స్థలాల్లో రకాలున్నాయి. నీళ్ళ కుళాయి, కరెంటు, మురుగు గొట్టం మూడూ బండి దగ్గరికే వచ్చే చోట ఏ బాధా లేదు. కానీ అలాంటివి ప్రభుత్వ పార్కుల్లో తక్కువ. యెల్లోస్టోన్ అంతటి పెద్ద నేషనల్ పార్కులో ఈ మూడు సౌకర్యాలూ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ అనే ఒక్క క్యాంపులోనే. యోసెమిటీ క్యాంపుల్లో అయితే మూడింట్లో ఒక్కటీ ఉండదు. మేం వెళ్ళిన పార్కులాంటివి మధ్యరకం. నీళ్ళూ కరెంటూ ఇస్తారు, మురుగు గొట్టం మాత్రం ఇవ్వరు. పార్కు బయటికి పోయే దారిలో 'డంప్ స్టేషన్' అని ఒకటుంటుంది. వెళ్ళేరోజు బండి అక్కడ ఆపుకుని, మురుగంతా నేలలోని గొట్టంలోకి వదిలి, ఇంటికి పోవాలి.

తిరకాసంతా ఈ మధ్యరకంతోనే! కుళాయి తిప్పితే నీళ్ళు వస్తూనే ఉంటాయి. చెయ్యి కట్టేసుకోవాలన్న ధ్యాసే ఉండదు. పోయే దారి మాత్రం 30 గ్యాలన్ల దగ్గర ఆగిపోతుంది. అసలు నీళ్ళే రాని చోటైతే మనకే భయం ఉంటుంది, చెంబు చెంబూ లెక్కేసుకుంటాం.

లెక్క ఎంతుందో చూడండి. షవరులోంచి నిమిషానికి రెండు గ్యాలన్లు వచ్చాయనుకుందాం. అయిదు నిమిషాల స్నానానికి పది గ్యాలన్లు. అయిదుగురం చేస్తే యాభై. ట్యాంకు పట్టేది ముప్ఫై! అంట్లు తోమిన నీళ్ళు దీనికి అదనం. ట్యాంకు నిండితే నీళ్ళు ఎక్కడ పల్లం దొరికితే అక్కడ పైకి తన్నుతాయి. బండిలో అన్నిటికంటే పల్లంగా ఉండేది షవరు తొట్టి తూము. కరివేపాకు రహస్యం అదీ!

గోడమీద ట్యాంకు ఎంత నిండిందో చూపించే చిన్న చిన్న లైట్లున్నాయి. వాటిని మేం చూడనే లేదు. చూసినా పూర్తిగా నమ్మడానికి లేదట. ముఖ్యంగా టాయిలెట్ ట్యాంకులో కాగితం ముక్క అంటుకుంటే ఖాళీ ట్యాంకు కూడా నిండుగా ఉన్నట్టు చూపిస్తుందట.

మంచినీళ్ళు మానేసిన అత్తయ్య

వచ్చిన రెండోరోజు సాయంత్రం జరిగిందిది. నీళ్ళు గిన్నెలతో ఎత్తి బయట బకెట్లో పోసి ఏదో సర్దాం. మావారు తల పట్టుకున్నారు. ఇప్పుడు డంప్ స్టేషన్‌కి పోవాలంటే బండి కట్టాలి. అంటే బయటికి చాచిన పందిరి ముడవాలి, సామానంతా పడిపోకుండా అల్మరాల్లో పెట్టాలి, కరెంటు తీగ, నీళ్ళ గొట్టం ఊడదియ్యాలి, కింద నిలబెట్టిన జాకీలు లేపాలి, ట్రక్కు వెనక్కి తెచ్చి సరిగ్గా కొక్కేనికి తగిలించాలి. పోయి వచ్చాక ఇదంతా మళ్ళీ మొదలు. ఇంత శ్రమ రెండురోజులకోసారి ఎవరు పడతారు?

"పార్కు బాత్రూములున్నాయిగా, అక్కడికే పోదాం" అన్నారు మావారు. మాకూ పిల్లలకీ అది బాగానే ఉంది. నిజానికి అన్నిటికంటే తేలిక మార్గం కూడా అదే. కానీ అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. అది కొండదారి. పైగా రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని పోవాలి.

మర్నాడు నేను గమనించిన విషయం ఒకటి చెప్పాలి. పొద్దుట కాఫీ వద్దన్నారావిడ. మజ్జిగ వద్దన్నారు. మధ్యాహ్నం అన్నం తిని సగం గ్లాసు నీళ్ళు కూడా తాగలేదు. ఎండలో ముఖం వాడిపోయింది. ఏమని అడిగితే, "ఏం లేదమ్మా, దాహంగా లేదు" అంటారు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. అది వచ్చి నా చెవిలో చెప్పింది: "నానమ్మ బాత్రూముకి వెళ్ళాల్సొస్తుందని తాగట్లేదమ్మా. ట్యాంకు తనవల్లే నిండిందనుకుంటోంది."

ఒక్కసారిగా గుండె కలుక్కుమంది. నేను మాత్రం చెయ్యలేదా ఈ పని? తెనాలి నుంచి హైదరాబాదుకి రాత్రి బస్సెక్కేముందు సాయంత్రం నుంచే నీళ్ళు మానేసిన రోజులెన్ని! పెళ్ళిళ్ళలో, పరీక్ష హాళ్ళలో, ఆఫీసుల్లో... మనలో ఈ విద్య రానివాళ్ళెవరు? డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, అసలే రక్తపోటు మాత్రలు వేసుకునే మనిషి, ఎండాకాలంలో నీళ్ళు మానేస్తే ఆస్పత్రి పాలవ్వరూ? ఇక మురుగు సంగతి తేల్చాల్సిందే అనుకున్నాను.

పక్కింటావిడ నీలం డబ్బా

మా పక్క స్థలంలో ఒక పెద్దావిడ, ఆవిడ భర్త ఉన్నారు. రిటైరయ్యాక ఏడాదిలో సగం రోజులు ట్రెయిలర్లోనే తిరుగుతారట. ఆవిడ పొద్దున్నే ఒక నీలంరంగు ప్లాస్టిక్ తొట్టిని ట్రక్కు వెనక తగిలించుకుని నెమ్మదిగా పోవడం చూశాను. పెద్ద సూటుకేసులా ఉంది, కింద చక్రాలున్నాయి. నేను మొహమాటపడుతూనే వెళ్ళి అడిగాను. ఆవిడ పకపకా నవ్వి, "మొదటిసారి అందరికీ ఇదే అవుతుంది!" అంటూ నన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

దాని పేరు పోర్టబుల్ వేస్ట్ ట్యాంకు. 'టోట్ ట్యాంకు' అని కూడా అంటారు. నీలంగా ఉంటుంది కాబట్టి ముద్దుగా 'బ్లూ బాయ్' అంటారట! ఇల్లు కదలకుండా మురుగుని మాత్రం తీసుకుపోయే సాధనం. ట్రెయిలర్ మురుగు గొట్టం దీనికి తగిలించి వాల్వు లాగితే మురుగు ఇందులోకి దిగుతుంది. మూతలు బిగించి డంప్ స్టేషన్‌కి లాక్కుపోయి ఒంపేసి రావడమే. పది గ్యాలన్ల చిన్నవాటి నుంచి నలభై గ్యాలన్ల పెద్దవాటి దాకా దొరుకుతాయి. చిన్నవాటికి రెండు చక్రాలు, పెద్దవాటికి నాలుగు. థెట్‌ఫోర్డ్, బార్కర్, క్యామ్‌కో లాంటి కంపెనీలవి ఎక్కువగా కనిపిస్తాయి.

యూరప్‌లో పద్ధతి వేరు. అక్కడి క్యారవాన్లలో టాయిలెట్ కింద క్యాసెట్ అని ఇరవై లీటర్ల లోపు డబ్బా ఉంటుంది. దాన్ని పక్క తలుపులోంచి బయటికి లాగి చేత్తో తీసుకుపోయి ఒంపుతారు. సింకు నీళ్ళకి బండి కింద ఒక చక్రాల డబ్బా విడిగా పెడతారు. మొదటి నుంచీ చిన్నచిన్నగా మోసుకోవడమే వాళ్ళ అలవాటు. అమెరికా బళ్ళలో మాత్రం అంతా పెద్ద ట్యాంకుల్లో దాస్తారు, తర్వాత తంటాలు పడతారు.

సరే, ఆవిడ తన పదిహేను గ్యాలన్ల ట్యాంకు మాకు ఎరువిచ్చింది. ఇస్తూ మూడు నాలుగు మాటలు గట్టిగా చెప్పింది. అవి వినకపోతే ఏమవుతుందో మేం చేసి చూశాం కాబట్టి చెబుతున్నాను.

ఒక బకెట్ నిండా పాఠం

మొదటిది బరువు. పదిహేను గ్యాలన్ల నీళ్ళంటే 57 కిలోలు. రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు, పైన ఇంకో ఏడు కిలోలు! ముప్ఫై గ్యాలన్లదైతే 113 కిలోలు దాటుతుంది. పెద్దదైతే ఒక్కసారితో పనైపోతుందని ఆశపడతాం గానీ, నిండాక దాన్ని ఎత్తడం కాదు కదా, ఎత్తుదారిలో లాగడం కూడా ఆడవాళ్ళ వల్లా మగవాళ్ళ వల్లా కాదు. అందుకే దాని పిడికి ఒక ఇనపకొక్కెం ఇస్తారు. దాన్ని ట్రక్కు వెనక ఉండే హిచ్ గుండుకి తగిలించి మనిషి నడకంత వేగంతో పోవాలి. గంటకి అయిదు మైళ్ళు, అంటే ఎనిమిది కిలోమీటర్లు దాటకూడదు. చిన్నచిన్న చక్రాలు, కంకరరోడ్డు... తొందరపడితే చక్రం ఊడి డబ్బా బోర్లాపడితే ఇంకేమైనా ఉందా!

రెండోది పల్లం. ఇందులో పంపులూ మోటార్లూ ఏమీ లేవు. మురుగు దానంతటది దిగాలి. ట్రెయిలర్ గొట్టం కన్నా టోట్ నోరు కిందుగా ఉండాలి. గాలి పోయే చిన్న మూత తెరవాలి. మావారు అది మర్చిపోయారు. వాల్వు తెరిచినా డబ్బా నిండదే! లోపలి గాలి బయటికి పోతేగా మరి. నూనె డబ్బాకి రెండో చిల్లు పెట్టకుండా ఒంపినట్టే.

మూడోదాన్ని మాత్రం మేం జన్మలో మర్చిపోం. మురుగు గొట్టం మూడంగుళాల వెడల్పు. మీద పడ్డట్టు వస్తుంది. టోట్ నిండిపోయిందని నేను అరిచేసరికి మావారు వాల్వు మూశారు. బాగానే ఉందనుకుని గొట్టం ఊడదీశాం. భళ్ళున ఆయన చెప్పుల మీద ఒక బకెట్ నీళ్ళు! అవి గొట్టంలో మిగిలినవి. తర్వాత కూర్చుని లెక్కగడితే మూడంగుళాల గొట్టం పదడుగుల పొడవుంటే దాంట్లోనే సుమారు 14 లీటర్లు నిలుస్తాయని తేలింది. అందుకని టోట్ అంచుదాకా నింపకూడదు. గొట్టంలోవి కూడా ఒలిచి పోసుకోవడానికి చోటుంచాలి. గొట్టం ఎంత పొట్టిదైతే అంత మేలు. ఒకరు వాల్వు దగ్గర, ఒకరు టోట్ దగ్గర నిలబడాలి. ఫోను మాట్లాడుతూ చేసే పని కాదిది.

ఇంకా నయం, అవి స్నానాల నీళ్ళే. అదే బ్లాక్ ట్యాంకైతే? పక్కింటావిడ ముందే హెచ్చరించింది: "ముప్ఫై గ్యాలన్ల టాయిలెట్ ట్యాంకుని పదిహేను గ్యాలన్ల డబ్బాలోకి వదలొద్దు" అని. సగంలో వాల్వు ముయ్యాల్సి వస్తుంది. ఆ టైములో అడ్డం ఏదైనా పడితే వాల్వు మూసుకోదు. ఇక చెప్పేదేముంది? బ్లాక్ ట్యాంకు వదలాలంటే టోట్ దానికంటే పెద్దదైనా ఉండాలి, లేదా బండినే డంప్ స్టేషన్‌కి తోలాలి. మేం రెండోదానికే ఒప్పుకున్నాం. టాయిలెట్ ట్యాంకు అయిదు రోజులూ ఆగింది. మన అలవాటు నీళ్ళది కాబట్టి త్వరగా నిండుతుందేమోనని భయపడ్డాను గానీ, మేం నలుగురం పార్కు బాత్రూములకే పోయి, బండిలోది అత్తయ్యకి వదిలేశాం. ఆ వాల్వు మాత్రం చివరిదాకా మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీరంతా కారిపోయి గట్టిది లోపల గుట్టలా పేరుకుపోతుందట.

చివరిరోజు డంప్ స్టేషన్ దగ్గర ముందు బ్లాక్ ట్యాంకు, తర్వాత గ్రే ట్యాంకు వదిలాం. సబ్బు నీళ్ళతో గొట్టం కడిగినట్టవుతుందని ఆ వరస. రబ్బరు గ్లవ్సులు తప్పనిసరి. అక్కడ కుళాయి ఉంటుంది, అది కడగడానికే గానీ తాగడానికి కాదు. మంచినీళ్ళు పట్టే గొట్టాన్ని ఆ చుట్టుపక్కలకి కూడా రానివ్వకూడదు. మనిళ్ళల్లో మడిబట్ట ఆరేసినంత జాగ్రత్తగా దాన్ని వేరే పెట్టెలో పెట్టాలి!

"చెట్లకి పోస్తే పోలా?"

ఈ మాట మావారే కాదు, ఎవరైనా అంటారు. సబ్బు నీళ్ళేగా, అరటిచెట్టు మొదట్లో పోసేవాళ్ళం కాదూ మనం? కానీ అమెరికా నేషనల్ పార్కుల్లో బండిలోని మురుగు, అది గిన్నెలు కడిగిన నీళ్ళయినా సరే, ఏర్పాటు చేసిన చోట తప్ప వదలడం నిబంధనలకి విరుద్ధం. చాలా స్టేట్ పార్కుల్లోనూ అంతే. కారణం ఉంది. ఒకే స్థలంలో ఇవాళ మనం, రేపు ఇంకొకరు, ఎండాకాలమంతా వరసగా దిగుతూనే ఉంటారు. అందరూ పోస్తే ఆ చోటు ఏమవుతుంది? పైగా మెతుకుల వాసనకి రకూన్లు వస్తాయి, కందిరీగలు ముసురుతాయి. ఆ కొండల్లో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి. నెయ్యి, చేపల పులుసు వాసన వాటికి పిలుపే.

గ్రే నీళ్ళు తేలికవనుకుంటాం గానీ, రెండురోజులు ఎండలో ట్యాంకులో మగ్గితే ఆ కంపు భరించలేం. అందులోనూ మన వంటలు! పప్పు, పెరుగు, నూనె, చింతపండు... అందుకని నేను పద్ధతి మార్చాను. కంచాలు, గిన్నెలు ముందు కాగితంతో శుభ్రంగా తుడిచి ఆ కాగితం చెత్తలో వేశాను. సింకు తూము మీద టీ వడకట్టే జల్లెడ పెట్టాను. గంజి వార్చడం మానేసి అత్తెసరే పెట్టాను. వాడిన నూనె సీసాలో పోసి మూత పెట్టాను.

స్నానాల సంగతి అత్తయ్యే తేల్చారు. "ఆ జల్లు దేనికమ్మా? బకెట్టూ చెంబూ ఇవ్వు, మూడు గ్యాలన్లో ఏదో అన్నావే, అది చాలు నాకు" అన్నారు. మూడు గ్యాలన్లంటే పదకొండు లీటర్లు. పిల్లలకి అదో ఆట అయిపోయింది, ఎవరు తక్కువ నీళ్ళతో స్నానం ముగిస్తారో పందాలు! అయిదుగురికీ కలిపి పదిహేను గ్యాలన్లు. అంట్ల నీళ్ళతో కలిపి రోజుకి రెండుసార్లు టోట్ లాగితే సరిపోయేది. అత్తయ్య మళ్ళీ కాఫీ తాగారు. మజ్జిగ అడిగి పుచ్చుకున్నారు.

ఆ డబ్బా లాగే పని మావారిది. మొదటిరోజు ఆయన ముఖం చూడాల్సింది! "ఎవరికైనా డబ్బిస్తే తీసుకుపోరా?" అన్నారు. కొన్ని ప్రైవేటు క్యాంపుల్లో అలా పంపు బండి వస్తుందట, దానికి 'తేనె బండి' అని వెటకారం పేరు. మేమున్నచోట అదీ లేదు. తప్పదని గ్లవ్సులు తొడుక్కుని, టోపీ కళ్ళ మీదకి లాక్కుని వెళ్ళారు. దారిలో ఎదురైన నలుగురూ అలాంటి నీలం డబ్బాలే లాక్కొస్తూ "గుడ్ మార్నింగ్" అనేసరికి ఆయన బిగువు సడలింది.

ఆ సాయంత్రం అత్తయ్య ఎందుకో చిన్నప్పటి మాట ఎత్తారు. వాళ్ళింట్లో దొడ్డివైపు సందులోంచి తెల్లవారుజామున ఒకామె వచ్చేదట, చీపురూ డబ్బా పట్టుకుని. "ఏళ్ళ తరబడి వచ్చింది. ఆమె పేరేమిటో మేమెవరం అడగలేదే. వాకిట్లోకి వస్తే మా నాయనమ్మ నీళ్ళు చల్లించేది" అని చాలాసేపు ఊరుకున్నారు. మనుషుల చేత ఆ పని చేయించడాన్ని నిషేధిస్తూ మన దేశంలో 1993లో ఒక చట్టం, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చాయి. అయినా సెప్టిక్ ట్యాంకుల్లో, మ్యాన్‌హోళ్ళలో దిగి ఊపిరాడక పోయినవాళ్ళ వార్తలు ఇంకా చదువుతూనే ఉన్నాం. మర్నాడు పొద్దున మావారు టోట్ తీసుకెళుతుంటే అత్తయ్య మెట్టు మీద నిలబడి చూశారు. "జాగ్రత్త నాయనా, చేతులు బాగా కడుక్కో" అన్నారు, అంతే.

వచ్చేసే రోజు టోట్‌ని మూడుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టి పక్కింటావిడకి ఇవ్వబోతుంటే అత్తయ్య ఆపారు. "ఎరువు తెచ్చిన గిన్నె ఖాళీగా ఇవ్వకూడదమ్మా, ఏదన్నా వేసి ఇవ్వాలి!"

మావారు పగలబడి నవ్వారు. "అమ్మా, లోకంలో ఖాళీగా తిరిగివ్వాల్సిన గిన్నె ఇదొక్కటే!"

ఆవిడ వినలేదు. జంతికల పొట్లం ఒకటి విడిగా కట్టించి, స్వయంగా కర్ర పట్టుకుని వెళ్ళి ఇచ్చి వచ్చారు.